ఓ-320 ఫ్యూయల్ పంపు మార్పు: ప్యాకింగ్‌కి సీలెంట్ పూయాలా, పొడిగా వదలాలా?

చెరోకీ140 (టెక్సస్)

అందరికీ నమస్కారం. నాది పైపర్ పీఏ-28-140 చెరోకీ, చిన్న విమానం, ఇంజిన్ లైకమింగ్ ఓ-320-ఈ2ఏ. కౌలింగ్ (ఇంజిన్ మూత) కింద బయటికి వచ్చే సన్నటి డ్రైన్ గొట్టం చివర నీలం మరక పడుతోంది. 100ఎల్ఎల్ (విమాన పెట్రోలు) రంగే, అనుమానం లేదు. గొట్టం పట్టుకుని పైకి వెళ్తే ఇంజిన్ తిరిగితే నడిచే ఫ్యూయల్ పంపు దగ్గర తేలింది. తోడుగా ఉండే ఎలక్ట్రిక్ పంపు ఆపగానే ప్రెషర్ ముల్లు ఇదివరకటి కన్నా కిందికి దిగుతోంది, ఇంకా పచ్చ గీతలోనే ఉందనుకోండి. లాగ్‌బుక్ తిరగేస్తే ఆ పంపు నాకు ముందు ఓనర్ కాలం నాటిది.

కొత్త పంపు, కొత్త ప్యాకింగ్ వచ్చేశాయి. ఇక్కడి రూల్స్‌లో ఫార్ 43 (అమెరికా విమాన నిబంధనలు) అపెండిక్స్ ఏ లో ఓనర్ సొంతంగా చేసుకోగల పనుల చిట్టాలో ఫ్యూయల్ పంపు లేదు. అందుకని మా ఏ అండ్ పీ (లైసెన్సున్న) మెకానిక్ పక్కనే ఉండి చూస్తాడు, సంతకం ఆయనే పెడతాడు, చేతులు మాత్రం నావి.

అడగాల్సినవి రెండు. ప్యాకింగ్‌కి సీలెంట్ పూయాలని హ్యాంగర్‌లో సగం మంది అంటున్నారు, ముట్టుకోవద్దని మిగతా సగం. రెండోది, పంపు తీయగానే లోపలి ప్లంజర్ (పంపు చేతిని నొక్కే కడ్డీ) జారి పడుతుందని అందరూ భయపెడుతున్నారు. చేసినవాళ్లు చెప్పండి.

పాత_పానా (హైదరాబాద్, ఏఎంఈ, అంటే విమాన మెయింటెనెన్స్ ఇంజినీర్)

ముందు ఒక మాట, ఆ విమానం ఇక ఎగరేయకండి. ముల్లు పచ్చలో ఉందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

ఆ పంపులో డయాఫ్రం పొరల (ఊగుతూ పెట్రోలుని తోసేవి) మధ్య చిన్న ఖాళీ ఉంటుంది. మీ డ్రైన్ గొట్టం తగిలించింది ఆ ఖాళీకే. అందులోంచి పెట్రోలు వస్తే పెట్రోలు వైపు పొర పోయింది. ఆయిల్ వస్తే ఇంజిన్ వైపు పొర. రెండూ పోతే పెట్రోలు నేరుగా ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, లెవెల్ పెరిగిందేమో కూడా చూడండి. ఎలక్ట్రిక్ పంపు ఉందిగా అనుకోవద్దు. అది తోసే పెట్రోలు కూడా ఈ పంపు గుండానే పోయే అమరిక అయితే, చిరిగిన పొరలోంచి బయటికి తోసేది అదే. మీ గొట్టం చివరకీ ఎగ్జాస్టుకీ మధ్య దూరం ఎంతుందో ఒకసారి చూసుకోండి.

ఇక ప్యాకింగ్. అక్కడ అది ఆపాల్సింది ఏమిటో ఆలోచించండి. పంపు ముఖం వెనక ఆయిల్ ప్రెషర్ ఏమీ లేదు. గేర్ల నుంచి చిమ్మిన ఆయిల్ గోడ మీద పడి కిందికి కారుతుంది, అంతే. కాస్త క్రాంక్‌కేస్ గాలి ఒత్తిడి ఉంటుంది. దాన్ని ఆపడానికి రెండు చదునైన ముఖాల మధ్య ఒక మంచి ప్యాకింగ్ చాలు. చాలడం లేదంటే ముఖం మీద పాత ప్యాకింగ్ ముక్క అతుక్కుని ఉండాలి, లేదా పంపు ముఖం వంగి ఉండాలి, లేదా ఒక పక్క బోల్టు ముందు బిగించేసి రెండో పక్క తర్వాత చూసి ఉండాలి. ఈ మూడింటిలో దేన్నీ సీలెంట్ బాగుచెయ్యదు, కొన్నాళ్లు కనబడకుండా దాస్తుంది.

సిలికాన్ ఆర్‌టీవీ (ట్యూబులో వచ్చే రబ్బరు లాంటి సీలెంట్) మాత్రం అస్సలు వద్దు. బిగించినప్పుడు బయటికి వచ్చిన పూస మనకు కనిపిస్తుంది, తుడిచేస్తాం. అంతే పూస లోపలికీ వస్తుంది. దాన్ని ఎవరు తుడుస్తారు? ఊడి సంప్‌లో (అడుగున ఉన్న ఆయిల్ తొట్టిలో) పడి ఆయిల్ సక్షన్ జాలీ దగ్గరికి చేరుతుంది. పైగా పెట్రోలు తగిలితే సిలికాన్ ఉబ్బి మెత్తబడుతుంది, అది ఫ్యూయల్ పంపు చుట్టుపక్కల ఉండాల్సిన సరుకే కాదు.

ఆటోనగర్_కుర్రాడు (విజయవాడ)

సార్, నేను విమానాల వాడిని కాదు, కార్ల వాడిని. అంబాసిడర్, పద్మిని రోజుల్లో ఇంజిన్ పక్కన ఇలాంటి డయాఫ్రం పంపే ఉండేది, క్యామ్ తన్నితే కొట్టుకునేది. మా దగ్గర ప్యాకింగ్‌కి రెండు వైపులా షెల్లాక్ (లక్క జిగురు) రాయకుండా బిగించిన మేస్త్రీ లేడు. ఏళ్ల తరబడి చుక్క కారేది కాదు. విమానానికి వచ్చేసరికి షెల్లాక్ చేదయిందా?

పాత_పానా

చేదు కాలేదు తమ్ముడూ. షెల్లాక్ రెండు వైపులా రాసిన ప్యాకింగ్‌ని మళ్లీ తీసేటప్పుడు మీ మేస్త్రీ ఏం చేసేవాడు? ఉలి పెట్టి గీకేవాడు, అవునా? అంబాసిడర్ బ్లాకు పోత ఇనుము, గీకినా ఏమీ కాదు. లైకమింగ్ యాక్సెసరీ కేస్ (ఇంజిన్ వెనక ఉండే పెట్టె) అల్యూమినియం. ఉలి మొన ఒక్కసారి జారిందంటే ముఖం మీద గీత పడుతుంది, ఆ గీతలోంచి ఆయిల్ జీవితాంతం కారుతుంది. తర్వాత ఎన్ని ప్యాకింగులు మార్చినా అంతే.

తప్పనిసరిగా ఏదో ఒకటి రాయాలంటే, మాన్యువల్ ఒప్పుకున్న గట్టిపడని రకం సీలెంట్, పంపు వైపు మాత్రమే, వేలితో తుడిచినంత పల్చగా. అలా చేస్తే మళ్లీ విప్పినప్పుడు ప్యాకింగ్ పంపుతో పాటు ఊడి వస్తుంది, కేస్ ముఖం శుభ్రంగా మిగులుతుంది. నేనైతే అదీ రాయను.

పాత ప్యాకింగ్ తీసేటప్పుడు ప్లాస్టిక్ గీకుడు బిళ్ల వాడండి. ఎమెరీ కాగితం, ఆ పచ్చటి గరుకు ప్యాడ్లు వద్దు. వాటి రజను లోపల పడితే బేరింగుల్ని నమిలేస్తుంది. గీకే ముందు రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఆ గుడ్డకి ఒక దారం కట్టి బయట వేలాడదీయండి, లోపల గుడ్డ ఉందని మర్చిపోయే అవకాశం ఉండదు. వాషర్ చెయ్యి జారినా గుడ్డ మీదే పడుతుంది.

ఆర్వీ9_కట్టినవాడు (న్యూజెర్సీ)

ప్లంజర్ సంగతి నేను చెప్తాను. నాదీ ఓ-320నే, నేను కట్టుకున్న ఆర్వీ-9ఏ విమానంలో.

అది యాక్సెసరీ కేస్‌లో నిలువుగా ఆడే చిన్న ఉక్కు కడ్డీ. పైనున్న ఎక్సెంట్రిక్ (ఒక పక్క ఎత్తుగా ఉండే చక్రం) దాన్ని కిందికి నొక్కుతుంది, అది పంపు చేతిని నొక్కుతుంది. పంపు ఉన్నంతసేపు ఆ చెయ్యే కింద నుంచి స్ప్రింగు బలంతో దాన్ని ఎత్తిపట్టుకుంటుంది. పంపు తీసెయ్యగానే ఎత్తిపట్టేది పోతుంది కాబట్టి కిందికి జారి రంధ్రానికి అడ్డంగా దిగుతుంది. భయపడాల్సింది దీనికి కాదు. కొత్త పంపు పెట్టేటప్పుడు చెయ్యి ప్లంజర్ కిందికి కాకుండా పక్కకి దూరితేనే గొడవ. అలా కూడా పంపు దాదాపు సరిగ్గా కూర్చున్నట్టే అనిపిస్తుంది. బోల్టు తిప్పి లాగితే ముఖాలు కలుస్తాయి కూడా. స్టార్ట్ చేశాక ప్రెషర్ సున్నా, లేదంటే చెయ్యి విరిగి ముక్కలు ఇంజిన్‌లోకి.

దారి ఇది. మాగ్నెటోలు (ప్లగ్గులకి నిప్పురవ్వ ఇచ్చేవి) ఆఫ్, పైవరస ప్లగ్గులు తీసెయ్యండి, ప్రొపెల్లర్‌ని అప్పుడు కూడా లైవ్ (ఎప్పుడైనా తిరగొచ్చు) అన్నట్టే చూడండి. పాత పంపు బోల్టులు కాస్త వదులు చేసి ఉంచి ప్రొపెల్లర్‌ని నెమ్మదిగా తిప్పండి. పంపు కేస్ నుంచి కొంచెం బయటికి తన్నుకుని మళ్లీ లోపలికి వెళ్తుంది. బాగా లోపలికి వెళ్లి, చేతికి వదులుగా ఆడే చోట ఆపెయ్యండి. ఎక్సెంట్రిక్ ఎత్తు వైపు అప్పుడు అవతలికి తిరిగి ఉంటుంది. ఇక ప్రొపెల్లర్‌ని ఎవరూ ముట్టుకోకూడదు. బోర్డు పెట్టండి.

పంపు తీశాక ప్లంజర్‌ని వేలితో పైకి తోసి గట్టి గ్రీజు పట్టించండి, కాసేపు అంటుకుని ఉంటుంది. ఇంజిన్ వెచ్చగా ఉంటే గ్రీజు కరిగి జారుతుంది, చల్లారాకే ఈ పని పెట్టుకోండి. గ్రీజు మీద నమ్మకం లేనివాళ్లు పళ్లు అరగదీసిన హ్యాక్సా బ్లేడుతో పక్క నుంచి ఎత్తిపట్టి, పంపు చెయ్యి కిందికి దూరగానే బ్లేడు లాగేస్తారు. నేను బ్లేడు పార్టీ.

చెయ్యి సరిగ్గా దూరిందో లేదో బోల్టులు పూర్తిగా బిగించకముందే తెలుసుకోవచ్చు. పంపుని అరచేత్తో నొక్కితే చివర్లో మెత్తగా స్ప్రింగు ఎదురు తగలాలి. బిగించాక, గొట్టాలు కలపకముందు, ఇన్లెట్ మీద వేలు పెట్టి ఇంకొకరిని ప్రొపెల్లర్ తిప్పమనండి. వేలిని లోపలికి పీల్చుకోవాలి. పీల్చకపోతే మళ్లీ విప్పండి.

చెరోకీ140

ఆర్వీ9 అన్నా, ఇంత వివరంగా ఏ వీడియోలోనూ దొరకలేదు. డిప్‌స్టిక్ వాసన చూశాను, పెట్రోలు వాసన లేదు, లెవెల్ కూడా మామూలే. అంటే ఒక పొరే పోయిందన్నమాట. విమానం కౌలింగ్ విప్పి నిలబెట్టేశాం.

ఇంకో అనుమానం. పాత పంపు మీది ఎల్బో (వంపు) ఫిట్టింగులు కొత్తదానికి మార్చాలి. ఆ మరలకి ఏం రాయాలి? మా నాన్న వీడియో కాల్‌లో చూసి "తెల్ల టేపు చుట్టరా" అంటున్నారు.

ఫ్లేర్_నట్ (టొరంటో)

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. టేపు ఇంట్లో కుళాయికి.

టెఫ్లాన్ టేపు ముక్క ఒక్కటి తెగితే అది నేరుగా కార్బురేటర్‌కి పోతుంది. ఇన్లెట్ జాలీలో పట్టుకుంటే అదృష్టం. ఫ్లోటు నీడిల్ (పెట్రోలు చాలినప్పుడు దారి మూసే సూది) కింద ఇరుక్కుంటే నీడిల్ మూసుకోదు, కార్బురేటర్ పొంగుతుంది. ఇంధనం పోయే చోట టేపు వాడొద్దు. పెట్రోలుకి పనికొచ్చే పేస్టు రకం థ్రెడ్ సీలెంట్ ఉంటుంది, అది మగ మర మీద మాత్రమే, మొదటి ఒకటి రెండు చుట్లు ఖాళీగా వదిలి రాయాలి. అలా చేస్తే అదనంగా ఉన్నది బయటికి నెట్టుకొస్తుంది, లోపలికి పోదు.

అందరూ కలిపేసేది ఇంకోటుంది. పంపు ఒంట్లోకి దిగేది పైపు మర, అంటే కొసకి సన్నబడేది. మర మరతో ఇరుక్కునే సీలవుతుంది, అందుకే దానికి పేస్టు కావాలి. ఎల్బో రెండో కొసన హోస్ కలిసేది ఫ్లేర్. అక్కడ సీలయ్యేది మర కాదు, శంకువు ముఖం. ఆ ముఖానికి పేస్టు పూస్తే మేలు చెయ్యకపోగా కీడు. పొడిగా, శుభ్రంగా ఉండాలి, గీత ఉండకూడదు. విమానాల ఫ్లేర్ 37 డిగ్రీలు. కార్ల షాపులో దొరికేది 45. కంటికి ఒకటే లాగుంటాయి, మర కూడా కొన్ని సైజుల్లో కలుస్తుంది, సీలు మాత్రం కాదు.

ఎల్బోలు పంపుని ఇంజిన్‌కి బిగించాక ఎక్కించాలని చూడకండి. మెత్తటి దవడల వైస్‌లో పంపు పట్టి బల్ల మీదే ఎక్కించండి. తీసే ముందు పాతదాన్ని నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసుకోండి, కోణం అదే రావాలి. చేత్తో బిగిసినంత, ఆపైన పానాతో ఒకటిన్నర నుంచి రెండు చుట్లు. కోణం దాటిపోతే వెనక్కి తిప్పి సరిచెయ్యకూడదు, వెనక్కి తిప్పిన పైపు మర కారుతుంది. తీసి, తుడిచి, మళ్లీ మొదలు. ఇంకా ముందుకి తిప్పేద్దాం అని బలం చూపిస్తే పంపు ఒళ్లు చీలుతుంది. అల్యూమినియం అది.

మైక్రోలైట్_మామ (బెంగళూరు)

రోటాక్స్ ఇంజిన్ వాళ్లం కూడా చదువుతున్నాం బాబూ, మమ్మల్ని మర్చిపోకండి.

మా 912 ఇంజిన్‌లో పంపు వెనక ఉండదు, ముందు ప్రొపెల్లర్ గేర్‌బాక్స్ మీద ఉంటుంది. చెయ్యి పెట్టడానికి హాయి. పంపుకీ గేర్‌బాక్స్‌కీ మధ్య వేడి తగలకుండా ఒక ఇన్సులేటింగ్ ఫ్లాంజ్ ఉంటుంది, దానికి అటొక ప్యాకింగ్ ఇటొక ప్యాకింగ్. రెండూ మార్చాలి. మా వాళ్లు పంపు వైపుది మార్చి గేర్‌బాక్స్ వైపుది "బాగానే ఉందిలే" అని వదిలేస్తారు, తర్వాత ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందని తల పట్టుకుంటారు.

చెరోకీ140 గారిలా మరక కోసం కాచుకుని కూర్చునే అవసరం మాకు లేదు. 5 ఏళ్లకి రబ్బరు హోసులు, కార్బురేటర్ సాకెట్లు మార్చే జాబితాలోనే ఫ్యూయల్ పంపు కూడా ఉంది. బాగున్నా సరే తీసి పక్కన పెట్టాలి. ఖర్చని ఏడ్చేవాళ్లని చూశాను. ఏడవండి, కానీ మార్చండి.

మన దేశంలో ఉన్నవాళ్లకి ఇంకో సంగతి. 912కి పెట్రోలులో ఇథనాల్ 10 శాతం వరకే ఒప్పుకున్నారు. బంకుల్లో ఇప్పుడు దొరుకుతున్నది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. దాన్ని పోసి డయాఫ్రం, హోసులు ఏమైనా అవుతాయా అని నన్ను అడగొద్దు, మాన్యువల్ ఒప్పుకోని ఇంధనం పోయడం దగ్గరే చర్చ ఆగిపోవాలి. ఇండియన్ ఆయిల్ 2022 నుంచి ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్ ఇక్కడే తయారు చేస్తోంది, కాబట్టి అంతా దిగుమతి మీదే ఆధారపడే రోజులు పోయాయి. కాకపోతే సీసం ఉన్న ఆ పెట్రోలు వాడితే ఆయిల్ త్వరగా మార్చాలి.

గ్రౌండ్_స్కూల్ (హైదరాబాద్)

నేను ఇంకా స్టూడెంట్‌ని సార్. పాత సెస్నా 172లో ఇంజిన్ ఫ్యూయల్ పంపే ఉండదని మా సీనియర్ అన్నాడు. నిజమా, ఆట పట్టిస్తున్నాడా?

పాత_పానా

నిజమే బాబూ. కార్బురేటర్ ఉన్న 152, 172లకి రెక్కలు పైన, ట్యాంకులు రెక్కల్లో. పెట్రోలు తన బరువుతో తనే దిగుతుంది. 172ఆర్, 172ఎస్ వచ్చేసరికి ఇంజిన్ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఐఓ-360-ఎల్2ఏ, దానికి పంపు తప్పదు. చెరోకీకి రెక్కలు కింద, పెట్రోలుని ఎవరో ఒకరు పైకి లాగాలి. మన ఎన్ఏఎల్ రూపొందించిన హంస-3 విమానంలో రోటాక్స్ 914, అందులో గేర్‌బాక్స్ పంపు లేదు, రెండు ఎలక్ట్రిక్ పంపులు. ఎవరి దారి వారిది.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఇంజెక్షన్ ఇంజిన్ పంపూ, కార్బురేటర్ ఇంజిన్ పంపూ బయటికి కవలల్లా ఉంటాయి. కార్బురేటర్ ఓ-320కి పెట్రోలు ఒత్తిడి 0.5 నుంచి 8 పీఎస్ఐ మధ్య ఉండాలి. ఇంజెక్షన్ పంపు అంతకు ఎన్నో రెట్లు తోస్తుంది, ఫ్లోటు నీడిల్ ఆ ఒత్తిడికి ఆగదు. పెట్టె మీద లేబుల్ కాదు, పంపు మీది పార్ట్ నంబర్ చదివి పార్ట్స్ క్యాటలాగ్‌తో కలుపుకోండి.

చెరోకీ140

పని అయింది. చెయ్యి దూర్చడానికి ఆయిల్ ఫిల్టర్ తియ్యాల్సి వచ్చింది, ఎలాగూ ఆయిల్ మార్చే సమయమే. పంపు మాగ్నెటో కిందుగా ఒక మూల ఉంటుంది. పైన హార్నెస్ (ప్లగ్గు వైర్ల కట్ట), పక్కన ఇంజిన్ మౌంట్ గొట్టం. కనపడదు, వేళ్లతో తడుముకుంటూ చెయ్యడమే. చిన్న అద్దం, తల వంగే టార్చి లేకుండా మొదలుపెట్టకండి.

ప్యాకింగ్ పొడిగానే పెట్టాం. రెండు ముఖాలూ ఇనుప స్కేలు అంచు పెట్టి, వెనక లైటు వేసి చూశాం, వెలుతురు ఎక్కడా జారలేదు. పాత ప్యాకింగ్ కేస్ వైపు ముప్పాతిక భాగం అతుక్కుని నల్లగా గాజులా తయారైంది, దాన్ని తియ్యడానికి పంపు మార్చినదానికన్నా ఎక్కువ సేపు పట్టింది. ప్లంజర్‌కి గ్రీజు నిలిచింది. ఇన్లెట్ మీద వేలు పెడితే చప్పుడు వచ్చేంతగా పీల్చింది. బోల్టులు అటు ఇటు మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాం.

ఇంజిన్ ఆపి, ఎలక్ట్రిక్ పంపు వేసి ఫిట్టింగులన్నీ కాగితం రుమాలుతో ఒత్తి చూశాం, పొడి. తర్వాత స్టార్ట్ చేసి ఎలక్ట్రిక్ పంపు ఆపేశాం, 5 పీఎస్ఐ దగ్గర నిలబడింది, ఫుల్ పవర్‌లో కూడా పెద్దగా దిగలేదు.

అయితే ఆపాక చూస్తే పంపు ముఖం అడుగు అంచున సన్నటి ఆయిల్ చెమ్మ. చుక్క కాదు, వేలికి అంటేంత. హ్యాంగర్‌లో "మేం చెప్పలా, సీలెంట్ రాయమని" అని ఒకటే మోత. మళ్లీ విప్పాలా?

ఆటోనగర్_కుర్రాడు

నేను ఏమీ అనట్లేదు సార్ 😄

ఆర్వీ9_కట్టినవాడు

టార్క్ ఎంత పెట్టారు? లైకమింగ్ మామూలు పట్టికలో 5/16 బోల్టుకి 204 అంగుళం-పౌండ్లు. అక్కడ రెంచి నేరుగా పట్టదు కాబట్టి క్రోఫుట్ (రెంచి కొసకి తగిలించే పానా ముక్క) వాడి ఉంటారు. దాన్ని రెంచికి లంబంగా తిప్పి పెడితే లెక్క మారదు. ముందుకి చాచి పెడితే రెంచి చూపించేదానికన్నా బోల్టుకి ఎక్కువ పడుతుంది, సవరించుకోవాలి.

చెరోకీ140

లంబంగానే పెట్టాం. అంకె మా మెకానిక్ మాన్యువల్ తెరిచి పెట్టుకుని చదివాడు. అది సరిగ్గానే ఉంది.

పాత_పానా

విప్పకండి. ఇంకా గట్టిగా బిగించకండి కూడా. ఆయిల్ కనిపించిన చోటు వేరు, బయల్దేరిన చోటు వేరు కావచ్చు. ఇంజిన్ వెనక భాగంలో ఏది కారినా చివరికి చేరేది కిందున్న వాటి మీదికే. మీ పంపు అలాంటి చోటే కూర్చుంది. పైగా ఫిల్టర్ తీశారు, తీసినప్పుడు కొంత ఒలికి ఉంటుంది, సందుల్లో దాక్కున్నది వేడికి పల్చబడి ఇప్పుడు దిగుతూ ఉండొచ్చు.

వెనక భాగం మొత్తం సాల్వెంట్‌తో కడిగి, ఎయిర్ గొట్టంతో సందు సందూ ఊది ఆరబెట్టండి. మాగ్నెటోల లోపలికి, వెంట్లలోకి సాల్వెంట్ పోకుండా చూసుకోండి. ఆరాక టాల్కం పౌడర్ పల్చగా చల్లండి, పంపు చుట్టూ మాత్రమే కాదు, ఫిల్టర్ అడాప్టర్ దాకా పైన కూడా. కొన్ని నిమిషాలు నడిపి ఆపి, టార్చితో చూడండి. ఆయిల్ నడిచిన దారి పౌడర్ మీద నల్లటి గీతలా కనిపిస్తుంది. ఆ గీత పై కొస ఎక్కడుందో అదే మీకు కావాల్సింది.

ఈలోపు ఎవరైనా పంపు అంచు చుట్టూ బయట నుంచి సీలెంట్ రుద్దుతానంటే వాళ్లకి టీ ఇచ్చి పంపించెయ్యండి.

మైక్రోలైట్_మామ

టీ బదులు ఆ సీలెంట్ ట్యూబే ఇచ్చి పంపించండి, హ్యాంగర్‌లో లేకుండా పోతుంది.

చెరోకీ140

పౌడర్ చల్లి నడిపాం. పంపు ముఖం అడుగున మళ్లీ తడి వచ్చింది, కానీ పంపు ప్యాకింగ్ పై అంచు చుట్టూ పౌడర్ తెల్లగా, చెక్కు చెదరకుండా ఉంది. నల్ల గీత ఇంకా పైన, ఎడమ మాగ్నెటో ఫ్లాంజ్ కింద మొదలైంది. అక్కడి నుంచి కేస్ పోతలో ఉన్న ఒక గట్టు వెంట పక్కకి నడిచి, పంపుని పక్క నుంచి చుట్టి, అడుగు అంచున పోగవుతోంది. అద్దంలో చూస్తే దారి మొత్తం గీసినట్టు ఉంది. పాత ఫోటోలు తీసి పెద్దవి చేసి చూశాం. పంపు మార్చకముందు కూడా మాగ్నెటో కింద మురికి గడ్డ ఉంది. నూనె, దుమ్ము కలిసి గట్టిపడింది. పంపు పని కోసం మేం అదంతా కడిగేశాం, దాంతో ఇప్పుడు తాజా ఆయిల్ మెరుస్తూ కంటపడింది.

మాగ్నెటో ప్యాకింగ్ మారుస్తాం. అంటే మాగ్నెటో తియ్యాలి, మళ్లీ 25 డిగ్రీలకి టైమింగ్ పెట్టాలి. అది మెకానిక్ చేతులే, నేను టార్చి పట్టుకుంటా.

ఫ్లేర్_నట్

మాగ్నెటో తీసినప్పుడు కింద ఖాళీ దొరుకుతుంది. అప్పుడే పంపు బోల్టుల్ని ఇంకోసారి టార్క్ రెంచితో చూసుకోండి. కొత్త ప్యాకింగ్ మొదటి వేడికి కొంచెం కుంగుతుంది. సేఫ్టీ వైర్ వేసే రకం బోల్టులైతే వైర్ దీని తర్వాతే.

ఆటోనగర్_కుర్రాడు

ఒప్పుకున్నా సార్. పౌడర్ ఐడియా మాత్రం రేపే ఒక ట్రాక్టర్ మీద వాడతా. పంపు బాగానే ఉన్నా అనవసరంగా విప్పే పని తప్పిందిగా చెరోకీ గారికి.

చెరోకీ140

మాగ్నెటో ప్యాకింగ్ మారింది. మళ్లీ పౌడర్, మళ్లీ రన్, అన్నీ తెల్లగా ఉన్నాయి. పంపు బోల్టుల్లో ఒకటి రవ్వంత కదిలింది, రెండోది కదల్లేదు. లాగ్‌బుక్‌లో పంపు పార్ట్ నంబర్, సీరియల్ నంబర్, ఇంజిన్ గంటలు, లీక్ చెక్ ఫలితం, మాగ్నెటో టైమింగ్ అన్నీ రాసి మెకానిక్ సంతకం పెట్టాడు. ఎయిర్‌పోర్ట్ పైనే చుట్లు కొట్టి దిగాను, కౌలింగ్ విప్పి చూస్తే పొడి, డ్రైన్ గొట్టం చివర కూడా.

ఒక్క ప్రశ్న మిగిలింది. పాత పంపు కోర్ కింద (బాగుచేసి వాడుకోడానికి) అమ్మినవాళ్లు తిరిగి పంపమన్నారు, డిపాజిట్ వాళ్ల దగ్గరే ఉంది. లోపల పెట్రోలు తడి ఉండగా కొరియర్‌లో వేయొచ్చా?

పాత_పానా

వేయకూడదు. పూర్తిగా వంచేసి, చెయ్యి ఆడించి లోపల మిగిలింది కూడా కక్కించి, మూతలు తీసి గాలి తగిలే చోట ఆరనివ్వండి. పెట్రోలు వాసన పోయాక రంధ్రాలకి ప్లాస్టిక్ మూతలు పెట్టి పంపండి. ఫిట్టింగులు తీసుకున్నారుగా? కోర్‌తో పాటు అవీ పోతే మళ్లీ కొనాలి.

చెరోకీ140

తీసుకున్నాం, అవి కొత్త పంపు మీదే ఉన్నాయి. రేపు ఆరబెడతా.